నల్లకాగితపు లూదియా

నా పేరు శాంతయ్య. పెట్టినవాళ్లు ఏం ఆశపడి పెట్టారో గానీ, నంద్యాల డిపోలో నా కోపం సంగతి తెలియని డ్రైవరు లేడు. టికెట్టు అడగ్గానే కిటికీలోంచి బయటికి చూసేవాళ్లను, మేకపిల్లను సంచిలో దాచుకుని ఎక్కేవాళ్లను ఆళ్లగడ్డ వచ్చేదాకా తిట్టగలను. పన్నెండేళ్లుగా నంద్యాల–ఆళ్లగడ్డ బస్సులోనే కండక్టరును. ఈ కోపం సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చెప్పబోయే దాంట్లో సగం చెడగొట్టింది అదే.

1979 వేసవిలో మా అమ్మ లూదియాను కర్నూలు పెద్దాసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాం. గొంతులో గడ్డ. “తీసుకుపోండి, ఆమె ఏది అడిగితే అది పెట్టండి” అన్నాడు డాక్టరు. ఏం పెట్టాలి? గంజి కూడా దిగడం లేదు. నా భార్య పరంజ్యోతి చెంచాతో పాలు పోస్తే సగం దిండు మీదికే వచ్చేవి. అమ్మ మాత్రం ఏడ్చేది కాదు. మంచం మీద పడుకుని ఎదురుగోడకున్న నీడబొమ్మను చూస్తూ ఉండేది.

ఆ బొమ్మ గురించి చెప్పాలి. అరచెయ్యంత చట్రం. లోపల తెల్ల అట్ట మీద అతికించిన నల్లకాగితం ముక్క. పక్కనుంచి చూసిన ఆడమనిషి మొహం అది. నుదురు, ముక్కు, పెదవులు, గడ్డం, వెనక జడ మొదలు, అంతే. కళ్లు లేవు, చెవి లేదు. దీపం ముందు కూర్చుంటే గోడ మీద పడే నీడ ఉంటుందే, దాని అంచు వెంబడే కత్తిరించారు.

మా అమ్మ అనాథ. 1911లో నాలుగేళ్ల పిల్లగా ఒక మిషన్ వాళ్ల బోర్డింగులో చేరింది. ఎవరు తెచ్చారో, ఏ ఊరి నుంచి తెచ్చారో ఆమెకు గుర్తులేదు. బోర్డింగు వరండాలో ఈ బొమ్మ వేలాడుతుంటే, ఇదెవరని వంటామెను అడిగిందట. “ఆమె పేరు గూడా లూదియానే” అందట వంటామె. మా వాళ్లలో పోయినవాళ్ల పేరు పిల్లలకు పెట్టుకోవడం మామూలే. అవ్వ పేరు మనమరాలికి పెడతారు, తల్లి పురిట్లో పోతే ఆ బిడ్డకు తల్లి పేరే పెడతారు. అందుకని ఆ చిన్నపిల్ల తనే తేల్చేసుకుంది. నా పేరు లూదియా, ఆమె పేరూ లూదియా, కాబట్టి ఆమె మా అమ్మ. పెళ్లయి వచ్చేటప్పుడు అడిగి మరీ ఆ బొమ్మను తెచ్చుకుంది. యాభై ఏళ్ల పైన, రోజూ చేనికి పోయేటప్పుడు దాని ముందు నిలబడి “పోయొస్తా మా” అని చెప్పే పోయేది. పంట పోయినా, మా నాయన పోయినా, ముందు దానికే చెప్పింది.

ఇంటికి తెచ్చిన వారానికి చర్చి అయ్యగారు వచ్చి ప్రార్థన చేశాడు. పోతూ పోతూ, “భయపడొద్దమ్మా, పరలోకంలో మనవాళ్లందరినీ కలుసుకుంటాం” అన్నాడు. మంచి మాటే. కానీ ఆ మాట పట్టుకుని అమ్మ సాయంత్రందాకా ఆలోచించింది.

“అప్పా, శాంతయ్యా. ఆడికి పోయినాక మా యమ్మను ఎట్ల యెతికేది?” అంది.

“ఇన్నేండ్లుగా బొమ్మ చూస్తానే ఉండావు గదా. గుర్తు పట్టలేవా?”

“ఒగ పక్కే గదా నాకు తెల్సింది. ఆ పక్కకు తిరిగి నిలబడ్తే గుర్తు పడ్తా. ఎదురుగా వస్తే? ఎంత మంది ఉంటారో ఏమో ఆడ. పలానా ఊరామె, పలానా వాళ్ల కూతురు అని ఎవురినన్నా అడగల్ల గదా. నాకేం తెల్సు? నువ్వు ఊర్లు తిరిగేటోనివి. కనుక్కోని చెప్పు నాయనా. బేగ కనుక్కో.”

ఆమె నన్ను ఎన్నడూ ఏదీ అడిగింది లేదు. చీర తెస్తే “ఎందుకప్పా” అనేది. నాకు ఆ క్షణంలో అయ్యగారి మీద పట్టరాని కోపం వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట కోపం రావడం నా జబ్బు.

మర్నాడు బొమ్మను గుడ్డలో చుట్టుకుని బజారులో పటాలు కట్టే ఈశ్వరయ్య శెట్టి అంగడికి పోయాను. వెనక అట్ట విప్పితే ఏమన్నా రాసి ఉంటుందేమోనని. శెట్టి నెమ్మదస్తుడు. తుప్పుపట్టిన మేకులు ఒక్కొక్కటీ పీకి, అట్ట తీసి, కళ్లద్దాలు పైకి జరుపుకున్నాడు.

“ఉందన్నా. లూదియా, పన్నెండేండ్లు, 1909 అని రాసినారు.”

నాకు సంతోషమేసింది. “చూసినావా శెట్టీ! మా యమ్మ చెప్పిందే నిజం. లూదియానే!”

శెట్టి నన్ను చూసి, మళ్లీ అట్టను చూశాడు. “మీ యమ్మకు అప్పటికి ఎన్నేండ్లన్నా?”

“నాలుగేండ్లప్పుడు, పదకొండులో చేరింది. అంటే రెండేండ్లు.”

“పన్నెండేండ్ల పిల్లకు రెండేండ్ల బిడ్డ యాడిదన్నా?” అన్నాడు మెల్లగా.

“నీకెందుకయ్యా? నువ్వు మేకులు కొట్టు!” అని అరిచాను. పాపం ఆయన మేకులు కొట్టి ఇచ్చాడు.

అక్కడే ఆపేసి ఉండాల్సింది. ఇంటికి పోయి ఏదో ఒక ఊరి పేరు, ఎవరో ఒకరి ఇంటిపేరు చెప్పి ఉంటే మా అమ్మ నిశ్చింతగా కళ్లు మూసేది. ఇప్పుడు అనుకుని ఏం లాభం? అప్పుడు నాకు ఒకటే పంతం. ఈ పిల్ల మా అమ్మ తల్లి కాకపోతే ఎవరు? ఈ పిల్ల పేరు మా అమ్మకెందుకు పెట్టారు? ఈ పిల్ల సంగతి తెలిస్తే మా అమ్మ సంగతీ తెలుస్తుందనుకున్నాను.

చర్చి ఆఫీసులో గుమాస్తా నతానియేలు నాకు దూరపు చుట్టం. ఆ బోర్డింగు మూతపడి ముప్పై ఏళ్లయిందని, కాగితాలన్నీ చెదలు తిన్నాయని చెప్పాడు. “సమాధుల పుస్తకం ఒగటి మిగిలిందన్నా. చూస్తావా?”

ఇద్దరం కూర్చుని చూశాం. 1911 ఆగస్టు పేజీలో దొరికింది. లూదియా, బోర్డింగు బాలిక, పద్నాలుగేళ్లు, కలరా. ఆ నెలలో బోర్డింగు పిల్లలే అయిదుగురు పోయారు. నతానియేలు ఊరికే ఉండక వెనకపేజీలు తిప్పాడు. “అన్నా, ఈడ ఇంగొగ లూదియా ఉంది. బోర్డింగు పిల్లనే. 1903. ఆరేండ్లు.”

“ఏందిరా ఇది? ఆ బోర్డింగులో పేర్లకు అంత కరువొచ్చెనా?”

“నాకేం తెల్సన్నా. మరియమ్మవ్వను అడుగు. ఆళ్లగడ్డలో ఉంది, కొడుకు అబ్రహాము ఇంట్లో. మీ యమ్మ గాక ఆ కాలంలో బోర్డింగులో ఉన్నోళ్లలో బతికుండేది ఆమె ఒగతే.”

నేను రోజూ పోయే ఆళ్లగడ్డే. పన్నెండేళ్లుగా బస్సు స్టాండులో టీ తాగి తిరిగొచ్చే చోటికి నాలుగు సందుల అవతల ఆమె ఉంది. ఆ రోజు డ్యూటీలోనే బొమ్మను సంచిలో పెట్టుకుని పోయాను. శిరివెళ్ల దగ్గర ఒకాయన చిల్లర లేదంటే కూడా తిట్టలేదు. డ్రైవరు ఆశ్చర్యపోయి వెనక్కి తిరిగి చూశాడు.

బస్సు ఆళ్లగడ్డలో గంట ఆగుతుంది. అబ్రహాము విగ్రహాలు చెక్కేవాళ్ల దగ్గర రాళ్లు మోసే పని చేస్తాడు. వాళ్ల ఇల్లు ఆ చెక్కుడు కొట్టాల వెనకే. ఉలి చప్పుడుకు లోపల మాట వినబడాలంటే గట్టిగా చెప్పాలి. మరియమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. ఎనభై ఏళ్ల మనిషి, రెండు కళ్లూ పోయాయి.

“అవ్వా, నేను నంద్యాల లూదియా కొడుకును,” అన్నాను.

“ఏ లూదియా?” అంది ఆమె.

నేను సంచిలోంచి బొమ్మ బయటికి తీశాను.

బొమ్మ సంగతి చెప్పాను. ఆమె రెండు చేతులూ చాచి చట్రాన్ని తీసుకుంది. గాజు మీద వేళ్లు పెట్టి ఊరకే ఉంచుకుంది, కనబడదు కదా. “ఈ యమ్మి నా జోడు నాయనా. ఇద్దరికీ ఒగే చాప. బోర్డింగు దొరసాని దీపం పెట్టి, గోడ మీది నీడకు గీత గీసి నల్లకాగితం కత్తిరిస్తాండె. ఈ యమ్మికేమో నవ్వు ఆగల్యా. కదలొద్దని దొరసాని గద్దించె. అట్లాంటివి రెండు చేసేది. ఒగటి వాళ్ల దేశానికి, సీమకు పంపిచ్చేది, ఒగటి ఈడ పెట్టేది.”

“సీమకు ఎందుకు?”

“సీమలో ఒగ పెద్దామె లూదియా అనే పిల్లకని ఏటేటా బట్టలు, దుడ్లు పంపిచ్చేది. ఆ దుడ్లతోనే మాకు కూడు. పిల్ల సచ్చిపోయిందని రాస్తే ఆమె మానుకుంటాదేమోనని బోర్డింగోళ్లకు భయం. అందుకని కొత్తగా వచ్చిన పిల్లకు ఆ పేరే పెట్టేటోళ్లు. ఈ యమ్మి రెండో లూదియా. మీ యమ్మ మూడోది. నేను గూడా రెండో మరియమ్మనే నాయనా.”

ఆమె అది మామూలుగా చెప్పింది, ఉప్పు అయిపోతే అరువు తెచ్చుకున్నామని చెప్పినట్టు.

“మా యమ్మను ఎవురు తెచ్చినారవ్వా?”

“అహోబిలం పోయే దావలో దొరికెనంట. పక్కన ఒగ ఆడమనిషి సచ్చి పడి ఉండెనంట. బండోళ్లు ఎత్తుకోనొచ్చి బోర్డింగులో దించిరి. ఆ సచ్చిపోయినామెది ఏ ఊరో, ఏం పేరో ఎవురికి తెల్సు? కలరా సంవత్సరం నాయనా. దావ పొడుగునా అట్లనే పడి ఉన్నారంట. ఆడనే పూడ్సిరి.”

సరే, అంతే. మా అమ్మ తల్లికి ఊరు లేదు, పేరు లేదు, సమాధి లేదు. నేను లేవబోయాను. అప్పుడు మరియమ్మ తనంతట తానే అంది:

“మీ యమ్మ మాత్రం పేరు చెప్పె పాపం. నీ పేరేందే అంటే గట్టిగా చెప్పె. నాలుగేండ్ల పిల్ల చెప్పదా?”

నేను మళ్లీ కూర్చున్నాను. “ఏం చెప్పెనవ్వా?”

ఆమె చట్రాన్ని తడిమి నా చేతికి తిరిగి ఇచ్చేసింది.

“మీ యమ్మను నాకు అప్పజెప్పిరి. నాకు పన్నెండేండ్లు. పాత పేరుకు పల్కితే కొట్టాల, లూదియా అంటే పల్కితే బెల్లం పెట్టాల. అది పని. దినామూ పాత పేరు పెట్టి పిలుస్తాంటి. పరిగెత్తుకోనొచ్చేది. కొడ్తాంటి. మర్నాడు మళ్లీ పిలుస్తాంటి. మళ్లీ వచ్చేది. పదైదు దినాలు పట్టె. తర్వాత పిల్సినా తలెత్తల్యా.”

“ఏం పేరు పెట్టి పిల్సినావు? అది చెప్పు!”

“గుర్తు లేదు నాయనా.”

“పదైదు దినాలు పిల్సినావంట, గుర్తు లేకుండా ఎట్ల పోతాది?”

“నోట్లోనే ఉన్నెట్టుంది. రావడం లేదు.”

నేను అరిచాను. కళ్లు లేని ముసలిమనిషి మీద, నోటికి ఏది వస్తే అది అన్నాను. నీ చేతులు పడిపోనూ అన్నాను. మా అమ్మ సగం చచ్చింది నీ వల్లే అన్నాను. ఆమె తల వంచుకుని, “కొట్టు నాయనా, నువ్వు గూడా కొట్టు,” అంది. అబ్రహాము రాయి దించి పరుగెత్తుకొచ్చి నన్ను బయటికి నెట్టాడు.

అయినా మర్నాడు పోయాను. ఆమె నా అడుగుల చప్పుడు వినగానే గోడకు జరిగి కూర్చుంది. “ఓబులమ్మ అనుకుంటా నాయనా,” అంది. నేను పొంగిపోయాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మంచం పక్కన నిలబడి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, రేపు ఇంకొకసారి అడిగి ఖాయం చేసుకుని చెబుదామనుకున్నాను. మూడో రోజు అడిగితే, “సుబ్బక్క గదా,” అంది. నాలుగో రోజు “నాగమ్మ.” చెబుతూ చెబుతూ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుంది. అప్పుడు అర్థమైంది నాకు. ఆమెకు ఏదీ గుర్తు రాలేదు. నేను మళ్లీ అరుస్తానన్న భయంతో నోటికి వచ్చిన పేరల్లా చెబుతోంది. మొదటి రోజు మెత్తగా అడిగి, పక్కన కూర్చుని, రెండు ముద్దలు తినిపించి అడిగి ఉంటే వచ్చి ఉండేదేమో. ఇక ఆమె నోట నిజం పేరు వచ్చినా నేను నమ్మే దారి లేదు. దాన్ని చెడగొట్టుకున్నది నేనే.

“మా యమ్మను ఇంగ సతాయించొద్దన్నా,” అన్నాడు అబ్రహాము. వాడి గొంతులో కోపం లేదు. నేను తల ఊపి వచ్చేశాను.

ఇంట్లో అమ్మ రోజూ అడిగేది. “కనుక్కుంటివా అప్పా?” “కనుక్కుంటాండా.” మాట పూర్తిగా పడిపోతోంది. చెవి నోటి దగ్గర పెడితేనే వినబడేది. ఆ ఆదివారం పొద్దున పరంజ్యోతి ఆమె మొహం తుడుస్తుంటే, అమ్మ గోడవైపు చూసి చెయ్యి కొంచెం ఎత్తి, “మా... వచ్చేస్తాండా మా, ఆ పక్కకే తిరిగి నిలబడు, గుర్తు పడ్తా,” అంది.

నాకు ఏం పట్టిందో తెలియదు. వారం రోజులుగా లోపల ఉడుకుతున్నదంతా ఒక్కసారి పైకి వచ్చింది.

“ఆమె మీ యమ్మ గాదు! ఎవురో బోర్డింగు పిల్ల! పద్నాలుగేండ్లకే సచ్చిపోతే ఆ పేరు తెచ్చి నీకు తగిలించినారు! నీ పేరు లూదియా గాదు!”

పరంజ్యోతి చేతిలో గుడ్డ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. “నీకేమన్నా మతి పోయిందా?” అంది. అవును, పోయింది. అన్న మాట వెనక్కి తీసుకోలేను. ఇక దాచి ప్రయోజనం లేదని మంచం పక్కన కూలబడి అంతా చెప్పాను. అహోబిలం దావ సంగతి, సీమ దొరసాని సంగతి, మరియమ్మ సంగతి. కొట్టిన సంగతి కూడా చెప్పాను.

మధ్యాహ్నం అమ్మ పరంజ్యోతికి సైగ చేసి బొమ్మను తీయించేసింది. యాభై ఏళ్లు ఉన్న చోట గోడ మీద తెల్లటి చదరం మిగిలింది. అమ్మ దాన్ని చూడకుండా ఇటు తిరిగి పడుకుంది. సాయంత్రం చుట్టుపక్కలవాళ్లు వచ్చి “లూదియమ్మా, లూదియమ్మా” అని పిలిస్తే కళ్లు తెరవలేదు. మగతలో ఉందనుకున్నారు. నాకు తెలుసు, మెలకువగానే ఉంది.

మంగళవారం నన్ను చేత్తో పిలిచింది. చెవి దగ్గర పెట్టాను.

“మరి నా పేరేంది?”

నేను సెలవు పెట్టేశాను. మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని పేర్లు చెప్పడం మొదలుపెట్టాను. ఆ కాలంలో, అహోబిలం చుట్టుపక్కల, ఆడపిల్లకు ఏ పేరు పెట్టి ఉంటారో అవన్నీ. ఓబులమ్మ. సుబ్బక్క. నాగమ్మ. తిమ్మక్క. చెంచమ్మ. నరసమ్మ. లచ్చుమక్క. పేరు పేరుకూ ఆగి ఆమె మొహం చూసేవాణ్ణి. పదిహేను రోజులు దెబ్బలు తిన్న పేరు, ఎక్కడో లోపల ఒక మూల ఉండకపోతుందా, వింటే రెప్ప కదలకపోతుందా అనుకున్నాను. నాకు తెలిసినవి అయిపోతే బజారుకు పోయి ముసలివాళ్లను అడిగి రాసుకుని వచ్చాను. ఈశ్వరయ్య శెట్టి వాళ్ల అవ్వల పేర్లు, ఆ అవ్వల అవ్వల పేర్లు కూడా చెప్పాడు, నేను అరిచిన సంగతి ఎత్తకుండా. బుధవారమంతా చదివాను. సుంకులమ్మ. మద్దక్క. బాలమ్మ. రంగమ్మ. గొంతు బొంగురుపోయింది. బస్సులో ఎంత అరిచినా పోని గొంతు.

గురువారం మధ్యాహ్నం “ఎర్రక్క” అన్నప్పుడు అమ్మ కళ్లు పెద్దవి చేసి నన్ను చూసింది. పెదాలు కదిలాయి.

“అదేనా మా? ఎర్రక్కనా? అదేనా?”

“దప్పిక,” అంది.

పరంజ్యోతి దూదితో నీళ్లు అద్దింది. అమ్మ కొంచెంసేపు ఊపిరి కూడదీసుకుంది. నా చేతిలోని కాగితాలను పక్కకు నెట్టింది.

“చాలప్పా. నువ్వు ఎన్ని చెప్పినా నాకు తెల్దు.”

“ఇంకా ఉన్నాయి మా. అందరినీ అడుగుతా.”

“ఆడ మా యమ్మ నన్ను చూస్తానే పిలుస్తాది గదప్పా,” అంది. ఒక్కొక్క మాటకు ఆగుతూ చెప్పింది. “నా పేరు పెట్టే పిలుస్తాది. లూదియా అంటే ఎవురో ఆమెకు తెల్దు. నేనేమో, ఎవురినో పిలుస్తాందిలే అనుకోని, పక్కనుంచే పోతా.”

శనివారం పొద్దున పోయింది.